పెద్దపిల్లకే వస్తది

మా గల్లీ సీరియల్ గ్రూపుల నుంచి నన్ను రెండుసార్లు తీసేసిన్రు. రెండుసార్లూ మళ్లా వాళ్లే కలుపుకున్నరు. మొదటిసారి తీసేసింది నా నోటికి, రెండోసారి కూడ నా నోటికే. నేను సూర్యాపేటల ఉంట, సర్కారు బళ్లె సైన్సు చెప్త, నలభై రెండేండ్లు వచ్చినయ్. అయినా ఎవరన్న ఒక్కమాట అడ్డం మాట్లాడితే అరికాలి మంట నెత్తికెక్కుతది. మా ఆయన దీనికి అలవాటు పడ్డడు. గ్రూపు ఇంకా పడలే.

గొడవంత ఒక సీరియల్ మీద. సోమవారం నుంచి శనివారం దాక, సాయంత్రం ఏడింటికి వస్తది. అండ్ల తల్లికి ఒక శక్తి ఉంటది. ఎవరి మణికట్టు పట్టుకున్నా ఆ మనిషి చెప్పేది నిజమో అబద్ధమో ఆమెకు తెలిసిపోతది. అబద్ధమైతే ఆమె అరచెయ్యి కాలుతది, వెనుక నుంచి టింగుమని ఒక చప్పుడొస్తది. ఆ శక్తి ఆమెకు వాళ్లమ్మ నుంచి వచ్చింది, వాళ్లమ్మకు వాళ్ల అమ్మమ్మ నుంచి వచ్చింది. ఇప్పుడు ఈమెకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది రైల్ల దొరికితే తెచ్చి పెంచుకున్నది. చిన్నది కడుపుల పుట్టింది. తల్లి తర్వాత శక్తి ఎవరికి పోతదన్నది నాలుగు నెలల నుంచి సీరియలోళ్లు తేల్చలే. వాళ్లు తేల్చకుంటే ఏంది, తేల్చనీకి మేం లేమా.

కూరగాయలు కోసుకుంట, బట్టలు మడత పెట్టుకుంట ఆడోళ్లందరం అదే పని. ఒకామె పెద్దమనిషైన రోజు శక్తి దిగుతదన్నది. ఇంకొకామె చిన్నదాని మణికట్టు మీద పుట్టుమచ్చ ఉన్నదని ఫొటో తీసి పెట్టింది. పెద్దగ చేసి చూస్తే అది మైదాకు మరక. మరొకామె, అసలు శక్తిని మేనత్త ఎప్పుడో దొంగిలించి గాజులల్ల దాచిపెట్టిందని వాదించింది. ఆమెకు మేనత్తలంటే ఎందుకో పడదు. గ్రూపుకు పెద్దదిక్కు మా ఎదురింటి టైలరమ్మ. ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పరు, అందరి జాకెట్లు ఆమె దగ్గర్నే ఉంటయ్ గదా. ఆమె తీర్పు ఒక్కటే. చిన్నదానికే వస్తది.

మా బిడ్డ తీర్పు వేరే. మా బిడ్డకు పదమూడేండ్లు. దానికి సొంత ఫోన్ లేదు, నా ఫోన్ల నుంచే గ్రూపుల వాదన పెడతది. ఈ సీరియల్ కోసమని ఒక లాంగ్ బుక్కు కొనుక్కున్నది. ఎపిసోడ్ నంబరు, ఎవరు అబద్ధమాడిన్రు, ఎవరు ఎవర్ని ముట్టుకున్నరు, టింగు వచ్చిందా రాలేదా, అన్నీ గీతలు గీసి రాస్తది. నేను చెప్పే సైన్సుకు అంత మంచి రికార్డు ఒక్క పిల్ల రాయలే ఇప్పటిదాక. ఒకరోజు వంటింట్లకు ఉరుక్కుంట వచ్చి నా చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టింది. సీరియల్ల బాబాయి అబద్ధం చెప్తున్నడు. పెద్దక్క నీళ్ల గ్లాసు ఇచ్చుకుంట ఆయన చెయ్యి తాకింది. సన్నగ, మాటల కింద, టింగు. ఆ టైముల తల్లి ఊర్లనే లేదు. ఐదుసార్లు విన్న. నిజంగనే వచ్చింది. ఇద్దరం కలిసి గ్రూపుల పెట్టినం. అది ఎడిటింగోళ్ల పొరపాటని టైలరమ్మ కొట్టేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. మా బిడ్డను మేం పెంచుకున్నం. నాలుగు నెలల పిల్లప్పుడు శిశుగృహం నుంచి తెచ్చుకున్నం. ఆ పిల్లతోని ఎన్నడూ అబద్ధం ఆడొద్దని నేను, మా ఆయన ఆ రోజే ఒట్టు పెట్టుకున్నం. దానికి ఐదేండ్లు వచ్చినప్పుడు ఒళ్లె కూసోబెట్టుకొని చెప్పినం. ఆ రోజు అది విన్నది, ఆడుకోను పోయింది. తర్వాత ఎనిమిదేండ్లు ఆ మాటే ఎత్తలే. ఇగ ఈ సీరియల్ వచ్చినంక పొద్దున లేస్తే అదే ముచ్చట. పెద్దదానికి శక్తి వస్తదా అమ్మా, రాదా అమ్మా అని అడిగినప్పుడల్లా అది ఏం అడుగుతున్నదో నాకు తెలుసు. నేను ఈ ఇంటిదాన్నేనా అని అడుగుతున్నది. ఆ మాట నోటితోని అనలేక సీరియల్ మీద పెట్టి అడుగుతున్నది.

అసొంటప్పుడు టైలరమ్మ గ్రూపుల మాట రికార్డు చేసి పెట్టింది. రక్తం లేంది శక్తి ఎట్లొస్తది, పెంచినంత మాత్రాన రక్తం మారుతదా, పాలు పోసినంత మాత్రాన పిల్లి పులైతదా అని. ఫోన్ బల్ల మీద ఉన్నది, నేను పప్పు కడుగుతున్న, ఆ మాట పెట్టి విన్నది మా పిల్లనే. లాంగ్ బుక్కు మూసి సంచిల పెట్టుకున్నది. నా చేతులకు పప్పు నీళ్లు కారుతనే ఉన్నయ్, ఫోన్ తీసుకొని ఏం మాట్లాడిన్నో నాకే గుర్తులేదు. రక్తం పరీక్ష చేసే ఇంజన్ నీ కుట్టుమిషన్ల ఉన్నదా అని మాత్రం అన్న. రెండోసారి గ్రూపుల నుంచి తీసేసింది అందుకే. మర్నాడు టైలరమ్మే మా గడపలకొచ్చి నిలబడ్డది. సీరియల్ గురించి అన్న చెల్లే, నీ ఇంటి ముచ్చట నాకు యాదికి లేదు అన్నది. నిజమే చెప్పింది, ఆమె మనసుల విషం లేదు. కాని అన్న మాట పిల్ల చెవుల పడ్డది గదా.

ఆ వారమే మా బిడ్డ అడిగింది.

"అమ్మా, నువ్వు ఎదురుకాళ్లతోని పుట్టినవ్ గదా. మరి నేనెట్ల పుట్టిన?"

ఇది అర్థం కావాలంటే నా కాళ్ల సంగతి చెప్పాలె. నేను మిర్యాలగూడల పుట్టిన. తల ముందుగాల రాలే, కాళ్లు ముందుగాల వచ్చినయ్. మా అమ్మ చచ్చి బతికింది. ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు తొక్కితే పట్టేసిన నడుం ఇడుస్తదని మా దిక్కు నమ్మకం. మా ఇల్లు రైస్ మిల్లుల ఎనక గల్లీల ఉండె. బస్తాలు మోసే హమాలీలకు నడుం పట్టనిది ఎప్పుడు? ఆదివారం తెల్లారంగ, ముఖం కడగకముందు, మా అమ్మ నన్ను నిద్రల నుంచి లేపి వాకిట్లకు తెచ్చేది. అంత పెద్ద మనుషులు చాప మీద బోర్ల పండుకునేటోళ్లు. నేను ఎడమ కాలుతోని మూడుసార్లు తొక్కాలె. తొక్కినంక ఎనక్కి తిరిగి చూడొద్దు. వాళ్లు ఎవరి చెయ్యి పట్టకుంట లేచి, ఏ గోడా ఆనకుంట గడప దాటాలె. అప్పుడే పట్టు ఇడిచినట్టు లెక్క. లేచి దాటి, నా చేతుల బిస్కెట్ పుడ పెట్టి, మళ్ల బస్తాల కాడికే పోయేటోళ్లు. ఆరేండ్ల పిల్లకు అంతకంటె ఏం గావాలె? నేను దేవతననే అనుకున్న. సైన్సు చదివినంక నవ్వొచ్చింది గని, ఎవరన్న నడుం పట్టుకొని వస్తే మాత్రం కాదనలే. ఎట్ల కాదంట, నా కండ్ల ముందట లేచి నిలబడ్డరు గదా.

పెండ్లై కోదాడకు పోయినంక ఆ కాలే నా ఇజ్జత్ కాపాడింది. నేను అడుగు పెట్టిన వారానికి మా మామ బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నడు. కొత్తకోడలు కాలు మంచిది కాదని వీధంత గుసగుస. బావి కాడ, కిరాణం కాడ, నేను పోతే మాట ఆగిపోయేది. పైగా మా మిర్యాలగూడల అత్తను నువ్వనే అంటం, నేను అట్ల పిలిస్తే దానికీ ముక్కులు విరిచిన్రు. మూడో నెలల మా అత్తమ్మ నడుం పట్టేసింది. అమ్మాయి ఎదురుకాళ్లతో పుట్టిందంట కదా, తొక్కమనండి అని ఆమెనే వీధోళ్ల ముందట పండుకున్నది. అత్తను కాలుతోని తొక్కుడేంది. కండ్లు మూసుకొని మూడుసార్లు తొక్కిన. ఆమె టక్కున లేచింది, గడప దాటింది, వీధిల నిలబడి, మా కోడలి కాలు బంగారం అన్నది. ఆ రోజు నుంచి నా కాలు గురించి కోదాడల ఒక్కరు మాట్లాడలే. మాట్లాడితే నడుం పట్టినోళ్లే మాట్లాడిన్రు, ఇంటికొచ్చి.

అందుకే మా బిడ్డ అడిగింది, నేనెట్ల పుట్టిన అని. నాకు తెల్వదు. ఆ మాటే చెప్పిన. ఫైల్ల రాయలేదా అన్నది. బీరువల నుంచి ఫైలు తీసి దాని ముందట పెట్టిన. దాచేది ఏమున్నది. ప్రతి కాయితం చదివింది. బరువు రాసుంది, పొడుగు రాసుంది, కుడి భుజం మీద మచ్చ రాసుంది. పుట్టిన తేదీ కూడ డాక్టర్లు పిల్లను చూసి అందాజగ ఏసిందే. తలనా, కాళ్లా అన్నది రాసే మనిషి ఆడ లేడు. ఫైలు మూసి, నా పుట్టినరోజు కూడ నిజం కాదా అమ్మా అని అడిగింది. అందాజగ ఏసింది బిడ్డా, మేం చేసుకునేది మాత్రం నిజమే అన్న. మంచి జవాబు చెప్పిన్నని నేననుకున్న. అది ఫైలు నా చేతికిచ్చి లోపలికి పోయింది. ఆ వారం ఏడింటికి సీరియల్ పెడితే హోంవర్క్ ఉన్నదన్నది. ఆ పిల్ల హోంవర్క్ కోసం సీరియల్ ఇడిచిపెట్టిందంటే ఇంట్ల ఏదో ఇరిగినట్టే.

నేను ఊకుంటనా? ఏమన్న చెయ్యాలె, ఏం చెయ్యాల్నో తెల్వదు. ఆ పరేషాన్లనే బళ్లె మెట్టు తప్పి పడ్డ. ఎడమ కాలు చీలమండ విరిగింది. మోకాలు దాక సిమెంటు కట్టు ఏసిన్రు. నెలన్నర సెలవు.

కట్టు ఏసిన పదో రోజు, శనివారం పొద్దుమూకి కోదాడ నుంచి ఫోన్. అత్తమ్మకు నడుం పట్టేసింది. నీళ్ల బిందె లేపబోయి అట్లనే వంగిపోయిందట. డెబ్బై రెండేండ్లు, మామ పోయి ఆరేండ్లయింది, ఒక్కతే ఉంటది. సూర్యాపేటకు రమ్మంటే రాదు. దవాఖానకు పోదామని మా ఆయన బతిమిలాడిండు. ఆమె వినలే. రేపు ఆదివారమే కదా, అమ్మాయిని తీసుకురా అన్నది. దాని కాలు విరిగిందమ్మా అంటే, తీసుకురా ముందు అన్నది. ఆమె పట్టు పట్టిందంటే ఇగ అంతే, బండి ఎనక్కి తిరగదు.

ఆదివారం చీకటి ఉండంగనే కార్ల బయలుదేరినం. మా పిల్ల రానన్నది గని, ఇంట్ల ఒక్కదాన్ని ఇడిచిపెట్టేది లేదని ఎక్కించిన. దానికి నానమ్మ అంటే ప్రేమనే, కాని జర దూరం. ఆ దూరం పిల్లది కాదు, ముందునుంచి ఉన్నదే. పిల్లను తెచ్చుకుంటమన్నప్పుడు అత్తమ్మ ఆర్నెల్లు మాతోని సరిగ్గ మాట్లాడలే. తెచ్చినంక చూడనీకి వచ్చి పదకొండు రోజులు ఉన్నది, పదకొండో రోజు పొద్దున గని పిల్లను ఎత్తుకోలే. తర్వాత తిండికి, బట్టకు, ముద్దుకు ఏమీ తక్కువ చేయలే. కాని ఎవరన్న వస్తే మాత్రం, మావాడు పెంచుకున్న పిల్ల అనే చెప్తది. తప్పు మాట కాదు. నిజమే. ఆ నిజం విన్నప్పుడల్లా నా పండ్లు పటపటమనేటియి.

పోయేసరికి వాకిట్ల ఐదారుగురు ఆడోళ్లు. మా అత్తమ్మ నడుం వార్త పేపర్ కంటె ముందుగాల వీధంత తిరుగుతది. ఆమె గోడ పట్టుకొని, సగానికి వంగి నిలబడ్డది. నా కట్టు చూసింది. చూసి, ఎడమ కాలే విరగ్గొట్టుకున్నావా అన్నది, నేను కావాలని విరగ్గొట్టుకున్నట్టు. కుడికాలుతోని తొక్కుదామంటే సిమెంటు కాలు మీద నేను నిలబడలేను, పైగా రివాజు ఎడమ కాలే. ఇగ దవాఖానే గతి, నడువమ్మా అని మా ఆయన కారు తాళాలు తీసిండు.

అత్తమ్మ చాప వేయమన్నది. వేసిన్రు. ఒక్కొక్క చెయ్యే ఆనించుకుంట, మూలుక్కుంట, బోర్ల పండుకున్నది. పండుకొని మా పిల్లను పిలిచింది.

"రా తల్లీ. నువ్వు తొక్కు."

మా బిడ్డ నా దిక్కు చూసింది. ఒకామె, ఆ పిల్లకెట్లా వస్తుందండీ, వాళ్లు పెంచుకున్న పిల్ల కదా అన్నది. అత్తమ్మ పదమూడేండ్లు నేర్పిన మాటే ఆమె తిరిగి అప్పజెప్పింది. నేను నోరు తెరవబోయిన. ఈసారి గ్రూపు కాదు, కోదాడ వీధే ఖతమైపోయేది. నాకంటె ముందుగాల మా పిల్లనే అన్నది, గట్టిగ, అందరికీ వినపడేటట్టు.

"నేనెట్ల పుట్టిన్నో ఎవరికి తెల్వదు నానమ్మా. ఫైల్ల కూడ లేదు."

అత్తమ్మ చాప మీద నుంచి తల ఎత్తలేదు. చాపలకే మాట్లాడింది.

"తెలీదంటే కాదని కాదుగా. నువ్వు నా మనవరాలివి, మీ అమ్మ తర్వాత నీకు కాక ఎవరికొస్తుంది? తొక్కు."

పెంచుకున్న అన్న మాట లేకుంట ఆమె నోటి నుంచి మనవరాలు అన్నది నేను వినుడు అదే మొదలు. మా బిడ్డ చెప్పులు ఇడిచింది. ముఖం కడిగిన్నా లేదా అని నన్నడిగింది, నాకు నవ్వాలో ఏడ్వాలో తెలియలే, కడగలే బిడ్డా అన్న. ఎడమ కాలు పెట్టింది. చీమను తొక్కుతున్నట్టు పెట్టింది. గట్టిగ అన్నది అత్తమ్మ. రెండోసారి జర గట్టిగ. మూడోసారి కండ్లు మూసుకొని, పెదవి కొరుక్కొని, తొక్కి, గోడ దిక్కు తిరిగి నిలబడ్డది. ఎనక్కి చూడొద్దు గదా. నేను చెప్పిన కథలన్నీ దానికి యాదికున్నయ్.

అత్తమ్మ లేచింది. ఎట్ల లేచిందో నేను చూసిన. ముందుగాల మోచేతులు. తర్వాత మోకాళ్లు. ఆడ ఆగింది. మా ఆయన చెయ్యి ఇయ్యబోతే కండ్లతోనే ఆపింది. ఆమె మెడ నరాలు తాళ్ల లెక్క బిగుసుకున్నయ్. పై పెదవి మీద చెమట. ఒక కాలు ఆనించింది, రెండో కాలు ఆనించింది, నడుం మీద చెయ్యి కూడ పెట్టకుంట నిలువుగ నిలబడ్డది. ఏడు అడుగులుంటది చాప కాడ నుంచి గడప. నడిచింది. దాటింది. బయట నిలబడి, మా మనవరాలి కాలు బంగారం అన్నది, వీధి చివరిదాక వినపడేటట్టు. అప్పుడు తిరిగింది మా పిల్ల.

దాని ముఖం నేను ఇప్పుడు చెప్పలేను. చెప్తె ఏడుస్త. ఉరికి పోయి నానమ్మ నడుం కాడ కావలించుకున్నది. అత్తమ్మ కండ్లు ఒక్కసారి గట్టిగ మూసి తెరిచింది. ఆమె పిల్ల తల నిమిరింది. ఆ పెంచుకున్న మాట అన్నామెను పేరుపెట్టి పిలిచి, రేపట్నుంచి నీ నడుం పడితే మా పిల్లనే అడుక్కోవాలి గుర్తుపెట్టుకో అన్నది. తర్వాత లోపలికి పోయి అందరికీ చాయ్ పెట్టింది. నేను చేస్తనంటే ఒంటికాలు దానివి కూర్చో అన్నది.

మా పిల్ల నా ఫోన్ గుంజుకున్నది. నేను తొక్కితే నానమ్మ లేచింది, పెద్దదానికే వస్తది, ఇది నా ఫైనల్ అని గ్రూపుల మాట పెట్టింది. ఆదివారం పొద్దున్నే గల్లీ గల్లీ చప్పట్ల బొమ్మలు. టైలరమ్మ, నేను ఓడిపోయిన బిడ్డా, నీ లంగాకు కుట్టుకూలి తీసుకోను అని పెట్టింది. మా పిల్ల లాంగ్ బుక్కు కూడ సంచిల తెచ్చుకున్నది చూడు, రానంటనే. పొయ్యి కాడ కూసొని కొత్త పేజీ తీసి తేదీ ఏసి, గీతలు గీసి, రాసుకున్నది. నేను చూడలే.

మర్నాడు దానికి పరీక్ష, మా ఆయనకు డ్యూటీ. అందుకే ఆదివారమే పదకొండింటికి వాళ్లిద్దరు సూర్యాపేటకు ఎల్లిపోయిన్రు. నాకెట్లాగూ సెలవే అని నేను ఉండిపోయిన. అత్తమ్మ గేటు దాక పోయి చెయ్యి ఊపింది. కారు హైవే ఎక్కి కనపడకుంట పోయిందాక ఊపింది. తర్వాత గేటు పట్టుకున్నది. గేటు ఇడిచి నాలుగు అడుగులు రాలేకపోయింది. అమ్మా అని ఒక్క మూలుగు, వాకిట్లనే కూలబడ్డది.

నేను కర్ర మీద, ఆమె నా భుజం మీద, ఇద్దరం మూడు కాళ్లతోని మంచం దాక చేరుకున్నం. వీధి చివర డాక్టరుకు ఫోన్ చేస్తే వచ్చి ఇంజెక్షన్ ఇచ్చిండు. ఇట్లాంటి నడుంతో ఎవరన్న నడుస్తరా అమ్మా, నిన్ననే ఎందుకు పిలవలేదు అని తిట్టిండు. ఆమె దిండుల ముఖం పెట్టుకొని పండుకున్నది. వీధోళ్లకు చెప్పకండి అని మాత్రం అన్నది.

మధ్యాహ్నం అంత నేను ఊకున్న. ఊకునుడు నాకు రాదు, అయినా ఊకున్న. గంజి కాసి ఇచ్చిన, తాగింది. సాయంత్రం ఐదింటికి సూది పని చేసి ఆమె జర పక్కకు తిరిగింది. ఇగ నా వల్ల కాలే. మంచం పక్కన కుర్చీ ఏసుకొని, కట్టు కాలు స్టూలు మీద పెట్టుకొని, మొదలుపెట్టిన. ఆ పిల్లతోని ఇప్పటిదాక నేను ఒక్క అబద్ధం ఆడలేదన్న. ఎంత కష్టమైనా, గుండె కోసుకున్నా, నిజమే చెప్పిన్నన్న. రేపు దానికి తెలుస్తది, నానమ్మ నొప్పితోని నడిచిందని, ఉత్తగ నడిచిందని, అప్పుడు అది ఏం గావాలె? పదమూడేండ్లు నేను కాపాడుకున్నదాన్ని నువ్వు ఒక్క పూటల పాడు చేసినవ్ అత్తమ్మా అన్న. నా గొంతు పెద్దగైంది. ఆమె అడ్డం రాలే. నేను అలిసిపోయిందాక విన్నది.

"మీ మామ చెయ్యి విరిగినప్పుడు ఈ వీధి నిన్ను ఏమన్నదో గుర్తుందా?" అని అడిగింది.

ఎట్ల మర్చిపోత? ఉన్నదన్న.

"మరి ఆ రోజు నువ్వు తొక్కితే నాకు తగ్గిందనుకున్నావా?"

బయట ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్నరు. ఆ మూడో నెల నాకు తిరిగి కండ్ల ముందటికొచ్చింది. లేచి గడప దాటినంక ఆమె పన్నెండు రోజులు కింద కూసోలే. నిలబడే అన్నం తిన్నది. పొద్దున లేస్తే దిండు కింద గోలీల కాయితాలు కనపడేటియి, తలనొప్పి అనేది. అటక మీది బియ్యం డబ్బా నన్ను ముట్టనియ్యకుంట తనే దించింది, కొత్త కోడలు ఎందుకులే అని. అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. నా కాలు నిజంగనే బంగారమనుకొని వీధుల తల ఎత్తుకొని తిరిగిన. ఇరవై ఏండ్లు అదే కాలుతోని నడిచిన.

ఆమె పాదాలు దుప్పటి బయట ఉన్నయ్. నేను కుర్చీల నుంచి వంగి దుప్పటి కప్పిన. ఏడుపు ఆగలే. ఆమె అది చూడనట్టు గోడ దిక్కు తిరగబోయింది, నడుం కలుక్కుమన్నది, మళ్ల వెల్లకిల పడ్డది.

"ఏడుపు ఆపు. వచ్చే ఆదివారం పిల్లను తీసుకురా," అన్నది. "నడుం ఇంకా వదల్లేదు."